ముసిడిలోవ నుంచి మంచం మీద

విశాఖ పోర్టులో నేను ఖలాసీగా చేశాను. ఓడల్లోకి ఎక్కే బరువులకు తాళ్ళు, కొక్కేలు బిగించడం మా పని. మా కళ్ళ ముందే కొండల్లో తవ్విన ఇనుపరాయి రైళ్ళకు రైళ్ళు దిగేది. ఆ రాయి కోసం ఎక్కడో అడవిలో కొండలకు సొరంగాలు తొలిచారు, లోయల మీద వంతెనలు కట్టారు. రాయి ఏనాడూ నడిచి రాలేదు. దారిలో గెడ్డ, అదే వాగు, పొంగిందని ఆగలేదు. ఈ మధ్య ఒక కొండ కింద నుంచి మా వియ్యంకుణ్ణి విశాఖ తీసుకురావలసి వచ్చింది. ఆయన రాయి కాదు, మనిషి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆయన పేరు అప్పలనాయుడు, ఊరు ముసిడిలోవ. మా వైపు లోవ అంటే కొండల నడుమ లోయ. మీలో ఎవరూ ఆ ఊరు చూసి ఉండరు. అది మీ తప్పు కాదు. చూడ్డానికి వెళ్ళే దారి ఉంటే కదా చూడ్డం.

మల్కాపురం

ఫోన్ చేసింది మా అమ్మాయి రమణ. అప్పలనాయుడి కోడలు. ఇప్పుడు పిల్లలతో గోపాలపట్నంలో ఉంటోంది. అల్లుడు వెల్డరు, గుజరాత్‌లో ఓడలు కట్టేచోట కాంట్రాక్టు పనిలో ఉన్నాడు.

"నాన్నా, మావయ్య కాలి పుండు ముదిరిపోనాదట. షుగరు కదా. సిటికెనవేలు నల్లగా అయిపోనాది. బుధవారం లోపల పెద్దాసుపత్రిలో సూపించకపోతే పాదం మొత్తం తీసెయ్యాలన్నాడట మాడుగుల డాక్టరు."

"మరింకా బయల్దేరలేదేటి?"

"ఎలా రమ్మంటావు అని నన్నే అడగతన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. మన దేశం చంద్రుడి మీదికి బండి పంపింది, ఈయన మాడుగుల అవతల నుంచి విశాఖ రాలేడట. ఇది రైతు పొగరు తప్ప మరోటి కాదనుకున్నాను. "నాను ఎల్లి సెవి పట్టుకుని లాక్కొత్తాను" అన్నాను. పాదం పోవడానికి ఇంకా రెండు రోజులు టైముంది. ఈ వయసులో నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు గాని, కోపం వచ్చినప్పుడు అవి బాగానే పనిచేస్తాయి.

ఆడపిల్ల తండ్రి వియ్యంకుడి గడపలోకి ఉత్త చేతుల్తో వెళ్ళకూడదు. కొత్త తెల్ల పంచె ఒకటి సంచిలో వేసుకుని సోమవారం పొద్దున్నే బస్సెక్కాను.

గోపాలపట్నం దాటాక

గోపాలపట్నంలో రైతుబజారు జనం ఎక్కితే బస్సు ఊపిరి బిగబట్టుకుంది. నా పక్కన కూర్చున్నావిడ ఎండుచేపల గంప తెచ్చి నా రెండు కాళ్ళ మధ్య దింపింది. అడగలేదు. బస్సులో ఖాళీ ఉన్న చోటు అదొక్కటే అన్నట్టు చూసింది.

"ఏటి తల్లీ, నా కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి?"

"గంప మీద పెట్టుకో తాతా. సేపలేటనవు."

పేరు ముత్యాలమ్మ. రేవు నుంచి చోడవరం సంతకు వారం వారం వెళ్తుందట. నా ప్రయాణం ఎందుకో చెప్పాను. ఆమె తల పంకించి, "మాకదొకటి నయం. మావోడికి నడిసముద్రంలో గుండె నొప్పొత్తే బోటు తిప్పీసి హార్బరుకి తెచ్చీసినారు. సముద్రానికి గుంతలుండవు కదా" అంది.

నేనా మాట గురించి పెందుర్తి దాకా ఆలోచించాను. నిజమే. సముద్రం మీద ఎటువైపైనా రావచ్చు. కాంట్రాక్టరు అవసరం లేదు.

"షుగరోడికి తీపి పట్టుకెళ్ళకు తాతా. ఈ నెత్తళ్ళు పట్టుకెల్లు" అని, ధర చెప్పి, నేను బేరం మొదలుపెట్టకముందే పొట్లం కట్టేసింది. మా మల్కాపురం బజారు కంటే చౌకే. అది ఆమెకు చెప్పలేదు.

సబ్బవరం

సబ్బవరం నా చిన్నప్పటి ఊళ్ళలో ఒకటి. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మా మేనమామ ఎడ్లబండిలో గడ్డి పరిచి, దుప్పటి వేసి, పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఎద్దులకు రోడ్డు అక్కర్లేదు. గట్టు ఎక్కాయి, కాలవ దిగాయి, ఎక్కడ రాయి తగిలినా తామే చూసుకున్నాయి. ఆ ఎద్దులిప్పుడు లేవు. ట్రాక్టరొచ్చి వాటిని తినేసింది. కాని ట్రాక్టరు దుక్కికి వస్తుంది, కోతకి వస్తుంది, జ్వరానికి రాదు. పాత బండి పోయింది, కొత్త బండి పల్లె రోగి దాకా రాలేదు. ఈ మధ్యలో ఎంతమంది ఉండిపోయారో ఎవరైనా లెక్క రాశారా అని నాకొక అనుమానం.

ఇప్పుడు సబ్బవరం చుట్టూ కాలనీలు. ఏనుగు బొమ్మల గేట్లు, నడిమధ్య పూలమొక్కలు, వరసగా దీపాలు, అద్దంలాంటి తారురోడ్లు. మనుషులు మాత్రం లేరు, ప్లాట్లు కొన్నవాళ్ళు ఇంకా రేటు పెరగాలని చూస్తున్నారు. బస్సు కిటికీలోంచి ఒక రోడ్డు మీద మేక పడుకుని కనిపించింది. చాలా సుఖంగా ఉంది. ఆ మేకకు కాలు విరిగితే అంబులెన్సు దాని మూతి దగ్గరికే వచ్చి ఆగుతుంది. ముసిడిలోవ దారి ఇప్పుడెలా ఉందో అప్పటికింకా నేను చూడలేదు. చూశాక ఆ మేక మీద నాకు కోపం రెట్టింపైంది.

చోడవరం

చోడవరంలో దిగి సత్తిబాబు ఇంటికి వెళ్ళాను. అప్పలనాయుడి చెల్లెలి కొడుకు. బెల్లం దిమ్మలు తోలే బొలెరో ట్రాలీ ఉంది అతనికి. మావ కాలు పోతోందంటే మేనల్లుడు బండి తియ్యడా అని నా ధీమా.

బండి ఇంటి ముందే ఉంది. కడిగి, పసుపు రాసి, నిమ్మకాయ కట్టి పెళ్ళికొడుకులా ఉంది.

"గేరుబాక్సు పోనాది బాబాయ్" అన్నాడు సత్తిబాబు. "మెకానిక్కు శనివారం గాని రాడు."

"తడి ఆరలేదు గదరా. పోయిన గేరుబాక్సుతో గెడ్డ కాడికెళ్ళి కడుక్కొచ్చిందేటి?"

"తోసుకెళ్ళినాం బాబాయ్."

అబద్ధానికి కూడా కొంత కష్టపడాలి. ఇతను అదీ పడలేదు. కాని మర్యాదకు లోటు చెయ్యలేదు. అరిటాకేసి భోజనం పెట్టాడు, చెరుకురసం తెప్పించాడు, బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించాడు. మా వైపు ఇదొక ఆచారం. చెయ్యని సాయానికి బదులు కడుపునిండా పెడతారు. తిన్నాక తిట్టడానికి నోరు రాదు.

మాడుగుల, ఆ పైన మలుపు

మాడుగులలో దిగితే హల్వా కొనకుండా ఎవరూ కదల్లేరు. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పు కలిసి ఉడికే వాసన మనిషిని చొక్కా పట్టుకుని ఆపుతుంది. వియ్యాలవారి ఇల్లు, పంచె ఒక్కటే ఏం బాగుంటుంది అని పావుకిలో కట్టించాను. ముత్యాలమ్మ చెప్పిన మాట అప్పటికి మరిచిపోయాను.

అక్కణ్ణుంచి షేర్ ఆటో. డ్రైవరు నన్ను ఎగాదిగా చూశాడు.

"ముసిడిలోవా? మలుపు దాకే తాతా."

"ఆ తర్వాత ఆటో ఎల్లదేటి?"

"ఆటో ఎల్తాది. ఎనక్కి రాదు."

మలుపు అంటే తారురోడ్డు మీద ఒక టీకొట్టు, ఒక బోర్డు. బోర్డు మీద బాణం ముసిడిలోవ వైపే చూపిస్తోంది గాని, అక్షరాలు ఎండకు ఎగిరిపోయాయి. అక్కణ్ణుంచి ఎర్రమట్టి దారి. కొండ మొదట్లో గ్రావెల్ తవ్వుతున్నారు. ఆ ట్రాక్టర్లన్నీ ఒక సన్నటి గట్టు మీదుగా వస్తాయి. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. గట్టు మొదట్లో నిలబడి చెయ్యెత్తాను. ముందున్న కుర్ర డ్రైవరు హారన్ కొట్టి, "లోడు బండి ఆగదు తాతా, నువ్వాగు" అన్నాడు. బురదలోకి దిగి నిలబడ్డాను. బళ్ళన్నీ వెళ్ళేదాకా నిలబడ్డాను. బయటికి వచ్చేటప్పుడు నా కుడికాలి చెప్పు రాలేదు.

"ఎక్కడికెల్తంది ఈ గ్రావెల్?" అని ఆఖరి డ్రైవర్ని అడిగాను.

"సబ్బవరం లేఔట్లకి."

మేక గుర్తొచ్చింది. ఎక్కడి కొండ తవ్వి ఎక్కడ రోడ్డు వేస్తున్నారో, ఎవరి కోసం వేస్తున్నారో అప్పటికి పూర్తిగా అర్థమైంది. గట్టు దాటాక గెడ్డ, నీళ్ళు మోకాలి దాకా. మా అమ్మాయి పెళ్ళప్పుడు మా వాళ్ళనందరినీ ఎడ్లబళ్ళ మీద ఇదే గెడ్డ దాటించారు, ఆడవాళ్ళ పట్టుచీరల అంచు తడవలేదు. ఈసారి నేను ఒంటిచెప్పు చేత పట్టుకుని, పంచె ఎగ్గట్టి దాటాను.

ముసిడిలోవ

అప్పలనాయుడు అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. కాలికి గుడ్డ చుట్టి ఉంది, ఈగల్ని తాటాకు విసనకర్రతో తోలుకుంటున్నాడు. నన్ను చూడగానే ముఖం వెలిగింది. నా పాదాలు చూశాక ఇంకా వెలిగింది.

"ఏటి బావా, పట్నంలో ఇప్పుడు ఒక్క సెప్పే ఏసుకుంటన్నారేటి?"

నేను దారంతా తయారుచేసుకున్న తిట్లు ఆ గుడ్డ విప్పి చూశాక నోట్లోనే ఉండిపోయాయి. చిటికెనవేలు మాడిన చింతపిక్కలా ఉంది. చుట్టూ వాపు.

హల్వా పొట్లం వియ్యపురాలి చేతికిచ్చాను. ఆవిడ పేరు సింహాచలమ్మ. విప్పి చూసి, నా వైపు చూసి, "అన్నయ్యా, కాలు సాల్లేదని సెయ్యి కూడా తియ్యించేద్దామనేటి?" అంది. పొట్లం వెంటనే పక్కింటికి వెళ్ళిపోయింది. అప్పలనాయుడి చూపు దాని వెంటే వెళ్ళింది. నెత్తళ్ళకు మాత్రం మర్యాద దక్కింది. వంకాయలు వేసి వండింది. మా మల్కాపురంలో గాలికి కూడా రంగుంటుంది, నీళ్ళకు రుచి ఉంటుంది, రెండూ ఉండకూడనివి. ఇక్కడ గాలి గాలిలాగే ఉంది. కూరకు చోడి సంకటి, అదే రాగి సంకటి, తోడైతే ఎంత తిన్నానో చెప్పను.

తిన్నాక అసలు సంగతి ఎత్తాను. "మూడు వారాల్నుంచి కూకున్నావు. ఒక్కసారైనా కదల్లేదేటి బావా?"

"కదల్లేదని ఎవులన్నారు?" అన్నాడు. మొదటిసారి సైకిలు మీద కూర్చోబెట్టి తోశారట, పుండు ఫ్రేముకు రాసుకుని నెత్తురొచ్చింది. రెండోసారి గెడ్డ పొంగింది. మూడోసారి ఇద్దరి భుజాల మీద చేతులేసి మలుపు దాకా కుంటుకుంటూ వెళ్తే, బస్సు నిండా జనం ఉండి ఆగలేదు. "మాడుగుల డాక్టరు రోజు మార్చి రోజు కట్టు మార్పించుకోమన్నాడు. నాను కట్టు మార్పించుకోడానికెల్లినప్పుడల్లా కొత్త దెబ్బ తగిలించుకొత్తన్నాను."

సింహాచలమ్మ చెప్పింది, అంబులెన్సుకూ ఫోన్ చేశారట. ఫోను పలకాలంటే కొండ సగం ఎక్కాలి. ఒక్క బండి, ఇంత కొండ. ఎక్కేవాళ్ళలో ముందు కాన్పులు. వాళ్ళని అనడానికేం లేదు.

"మరి డోలీ కట్టించుకోలేకపోనావా?"

డోలీ మీకు పేపర్లో ఫోటోగా తెలుసు. ఒక కర్ర, దానికి వేలాడే దుప్పటి, దుప్పటిలో మనిషి, ముందొకరు వెనకొకరు మోస్తారు. అప్పలనాయుడు విసనకర్ర కింద పెట్టాడు.

"డోలీ ఎవులెక్కుతారు బావా? పురుటికెల్లే ఆడోలెక్కుతారు. ఈ ఊరికి పెద్దమనిషిని. ఆ గుడ్డలో మూటలాగ ఏలాడతా ఎల్తే, రేపు నా తీర్పు ఎవుడింటాడు?"

"తీర్పు సెప్పడానికి కాలెందుకులే అన్నయ్యా. అందుకే ఒగ్గీసినట్టున్నాడు" అంది సింహాచలమ్మ. మాట ఎగతాళిగానే అంది గాని, వెంటనే కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పలనాయుడు నవ్వబోయి మానేశాడు. పాదం లేని రైతు ఏం చేస్తాడో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు.

అప్పుడు నా పోర్టు బుర్ర పనిచేసింది. "డోలీ వద్దు. నువ్వు పడుకునే మంచం మీదే తీసుకెల్తాం. నులకమంచానికి రెండు వెదుర్లు కట్టి, నలుగురు భుజానేసుకుంటే రాజాలాగ ఎల్తావు. పదిటన్నుల మిషన్లకి తాళ్ళు కట్టినాను, నిన్ను కట్టలేనేటి?"

రాజా అన్న మాట పనిచేసింది. సరేనన్నాడు.

గెడ్డ నుంచి గట్టు దాకా

మంగళవారం తెల్లవారగానే నేనే దగ్గరుండి తాళ్ళు బిగించాను. ముడి వేసిన ప్రతిచోటా లాగి చూశాను. ఊళ్ళో డోలీలు మోసేవాళ్ళకు గంగులు పెద్ద. అతను మంచం చుట్టూ ఒకసారి తిరిగాడు, తల గోక్కున్నాడు.

"తాతా, ఇలాగ కడితే..."

"పోర్టులో ఇలాగే కడతాం" అన్నాను. అతను వెళ్ళి వెదురు చివర పట్టుకున్నాడు.

దారంతా దిగుడు. తల ఎత్తులో ఉండాలి కాబట్టి కాళ్ళు ముందుకు పెట్టించాను. ఎండకీ ఈగలకీ అడ్డంగా నేను తెచ్చిన కొత్త తెల్ల పంచె తల నుంచి మోకాళ్ళ దాకా కప్పాను. సింహాచలమ్మ ఆసుపత్రి కూడు ఎలా ఉంటుందో ఏమోనని చోడి అంబలి కాచి, మట్టికుండలో అయితే సాయంత్రం దాకా పాడవ్వదని కొత్త కుండలో పోసి, తాడు ఉట్టిలో పెట్టి నా చేతికిచ్చింది. మూత సరిగ్గా పట్టలేదు, ఆవిరి పైకి లేస్తోంది. మంచం కుదుపుకు కుండ దూరంగా ఉండాలని నేను ముందు నడిచాను. గంగులు "గోవిందా" అన్నాడు. బియ్యం బస్తా అయినా అతను అలాగే ఎత్తుతాడట. నలుగురూ లేపారు. మంచం ఒక్క అంగుళం వంగలేదు. నా ముళ్ళను నేనే మెచ్చుకున్నాను.

గెడ్డ దాటించి సింహాచలమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. మంచం ఊయలలా ఊగుతుంటే, నొప్పితో ఎన్నాళ్ళుగానో నిద్రలేని అప్పలనాయుడు పంచె కింద నిద్రపోయాడు. మోసేవాళ్ళు భుజం మార్చుకున్నప్పుడల్లా గంగులు మళ్ళీ "గోవిందా" అనేవాడు.

గట్టు మొదటికి వచ్చేసరికి ఎదురుగా లోడు దింపి తిరిగొస్తున్న ట్రాక్టర్ల వరస. నిన్నటి కుర్ర డ్రైవరే ముందున్నాడు. ఇక గొడవే అని గొంతు సవరించుకున్నాను. అతను మమ్మల్ని చూశాడు. ఇంజను ఆపేశాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. వెనకాల ట్రాక్టరు, దాని వెనకాల ట్రాక్టరు, బళ్ళన్నీ నెమ్మదిగా గట్టు మీంచి వెనక్కి వెళ్ళాయి. ఆగదన్న బండికి రివర్సు గేరు కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

మేము దాటుతుంటే ఆ కుర్రాడు చేతులు జోడించాడు. ఇంకొకడు మంచం మీదికి ఒక రూపాయి బిళ్ళ విసిరాడు. అది పంచె మీద పడి జారింది.

ముందు నలుగుర్ని చూశాను, తర్వాత తెల్ల గుడ్డ చూశాను, ముందుకున్న కాళ్ళు చూశాను, ఆఖర్న నా చేతిలో పొగలు కక్కుతున్న కొత్త కుండ చూసుకున్నాను. మీరైతే ఎప్పుడో కనిపెట్టి ఉంటారు. నాకు కుండ కనిపించేదాకా తెలియలేదు.

"నాను సెప్పబోతే పోర్టు అన్నావు" అన్నాడు గంగులు, పళ్ళ మధ్య నుంచి. "డోలీ అయితే రోగి అని ఈ లోవలో అందరికీ తెలుసు. మంచం అంటే ఒకటే."

"మరిప్పుడేటి సేద్దాం?"

"గట్టు దాటేదాకా నోరు మూసుకుందాం తాతా."

నేను అబద్ధమాడలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. బతికున్నవాడు చెయ్యెత్తితే హారన్ కొట్టినవాళ్ళు, పోయాడనుకున్నవాడికి వరసకు వరసే వెనక్కి వెళ్ళారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చావుకి దారి ఇవ్వాలని వాళ్ళకి చిన్నప్పుడే నేర్పారు. రోగానికి ఇవ్వాలని ఎవరూ నేర్పలేదు, అంతే.

మలుపు దగ్గర

టీకొట్టు నీడలో మంచం దింపాం. కొట్టు యజమాని అప్పటికే స్టవ్ ఆర్పేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేము గట్టు మీద ఉండగానే చూసి, మంచం ఎవరిదో పోల్చుకుని, చోడవరంలో ఆయన చుట్టాలకి ఫోన్ చేసేశాడట. నేను అంబులెన్సుకు చేస్తే, బండి కొండ మీద కాన్పు కేసుకు వెళ్ళింది, దిగేసరికి మధ్యాహ్నం దాటుతుందన్నారు. బస్సు చెయ్యెత్తితే ఆగింది గాని, కండక్టరు మంచం చూసి, "శవాన్ని ఎక్కించకూడదు పెద్దాయనా" అని నమస్కారం పెట్టి, బతికే ఉన్నాడని నేననేలోపే పోయాడు. గట్టు మీద లాభించింది ఇక్కడ నష్టమైంది.

ఇక ఎండ ఎక్కుతోంది, పుండు మీద ఈగలు వాలుతున్నాయి, ఈ రోజు పోతే మిగిలింది రేపే అనుకుంటూ ఉండగా, మాడుగుల వైపు నుంచి దుమ్ము లేపుకుంటూ ఒక బండి వచ్చి ఆగింది. పసుపు రాసిన బొలెరో. నిమ్మకాయ ఊగుతోంది. వెనకాల ట్రాలీ నిండా చుట్టాలు. ముందు దిగింది సత్తిబాబు, చేతిలో బంతిపూల దండ. అతని తల్లి, అంటే అప్పలనాయుడి చెల్లెలు, దిగడం దిగడమే మంచం మీద పడింది.

"అన్నా, కాలు నొప్పని సెప్పినావు గాని ఎలిపోతానని సెప్పలేదేటన్నా..."

సత్తిబాబు ముక్కు ఎగబీలుస్తూ పంచె తొలగించి, దండ మెళ్ళో వెయ్యబోయాడు. అప్పలనాయుడు కళ్ళు తెరిచాడు. దండ చూశాడు, మేనల్లుణ్ణి చూశాడు, వెనకాల బండి చూశాడు.

"ఏరా సత్తిబాబూ," అన్నాడు, "గేరుబాక్సు బాగైపోనాదేటి?"

సత్తిబాబు దండతో సహా వెనక్కి కూలబడ్డాడు. చెల్లెలు ఏడుపు ఆపలేదు, అదే రాగంలో కొడుకుని తిట్టడం మొదలుపెట్టింది. నేను నిన్న తిన్న భోజనం పూర్తిగా అరిగిపోయింది కాబట్టి, నేనూ నాలుగు మాటలు అన్నాను. బతికున్న మావ కోసం కదలని బండి పోయిన మావ కోసం గంట తిరక్కుండా వచ్చిందంటే ఆ బండికి ఏ గేరు పోయిందో నాకు చెప్పమన్నాను.

"నాకు భయమేసి బాబాయ్," అన్నాడు సత్తిబాబు చివరికి, తల దించుకుని. "రోగం మనిషిని ఒకసారి ఎక్కించుకుంటే రోజు మార్చి రోజు రమ్మంటారు. సావైతే ఒక్కసారే కదా."

అతని మాటకు కోపం రావాలి. రాలేదు. ఆ లోవలో మనుషులు ఎందుకు కుళ్ళిపోతున్నారో అంత సూటిగా చెప్పినవాణ్ణి నేనింతవరకు వినలేదు.

ఆలోగా సింహాచలమ్మ నుంచి గంగులు ఫోనుకు ఫోన్. కబురు అప్పుడే ఆవిడ దాకా పోయింది, ఫోను పలికే చోటికి కొండెక్కి మాట్లాడుతోంది. "నాను ఇచ్చిన అంబలి ఇంకా సల్లారుండదు, అప్పుడే పోయాడేటి?" అంటోంది. గొంతులో ఏడుపు కంటే అనుమానం ఎక్కువ. అప్పలనాయుడే ఫోన్ తీసుకుని, "ఇంకా తాగలేదే, తాగినాక సెప్తాను" అన్నాడు.

పెద్దాసుపత్రి

చావుకని బయల్దేరిన చుట్టాలు మధ్యలో దిగలేకపోయారు. దిగితే ఏమని దిగాలి? అందరూ విశాఖ దాకా వచ్చారు. పొద్దుట్నుంచి ఎవరూ తినలేదు కాబట్టి సబ్బవరంలో బండి ఆపి ఇడ్లీలు తిన్నారు. అప్పలనాయుడు మంచం మీదే కూర్చుని అంబలి తాగాడు. ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి మా అందర్నీ చూసి పేషెంటు ఎవరని అడిగాడు. అడక్కేం చేస్తాడు. మా ముఖాలు ఏడ్చి వాచి ఉన్నాయి, రోగి ఒక్కడే నవ్వుతున్నాడు.

సాయంత్రం చిన్నవయసు డాక్టరమ్మ బయటికొచ్చి, "చిటికెనవేలు తీసేశాం. పాదం ఉంటుంది. ఇంకాస్త ఆలస్యమైతే మోకాలి కింద నుంచి వెళ్ళేది" అంది. సత్తిబాబు గోడకు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, బెల్లం ఎలాగూ విశాఖ మార్కెట్టుకు తోలుతుంటాను కదా, మావ ఊరికెళ్ళాక కట్టుకి పిలిచినప్పుడల్లా మలుపు దగ్గర ఎక్కించుకుంటాను అన్నాడు. మాట మీద నిలబడతాడనే అనుకుంటున్నాను. వాళ్ళమ్మ నిలబెడుతుంది.

మలుపు నుంచి ఆసుపత్రికి, మళ్ళీ మలుపు వరకే సత్తిబాబు. మలుపు నుంచి ముసిడిలోవకి ఎవరు? దానికి ఎవరూ మాట ఇవ్వలేదు. ఇవ్వాల్సినవాళ్ళు ఆ రోజు బండిలో లేరు.

తిరుగు దారి

పుండు కొంత ఆరేదాకా అప్పలనాయుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మల్కాపురం గాలి మీద రోజూ ఒక తీర్పు చెప్పాడు. నడక ఇంకా వద్దన్నారు గాని ఇంటికి వెళ్ళవచ్చన్నారు. సత్తిబాబు మలుపు దాకా తెచ్చాడు. గంగులు, మిగతా ముగ్గురు అదే మంచంతో కాసుకుని ఉన్నారు.

ఈసారి అప్పలనాయుడు చొక్కా వేసుకుని, తలపాగా చుట్టి, మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. ఊరేగింపులో దేవుడు కూడా అంత దర్జాగా కూర్చోడు. గట్టు మొదటికి వచ్చాం. ఎదురుగా లోడు ట్రాక్టర్లు. ముందున్న డ్రైవరు కొత్తవాడు. చెయ్యెత్తాను. హారన్ కొట్టాడు. ఆపరేషనైన మనిషి అని అరిచాను. ఇంకా గట్టిగా కొట్టాడు. మోసేవాళ్ళ కాళ్ళు బురదవైపు జారుతున్నాయి. మంచం ఒక పక్కకి ఒరిగింది, అప్పలనాయుడు కట్టున్న కాలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను సంచిలోంచి తెల్ల పంచె తీశాను.

"బావా," అన్నాను, "పడుకో."

ఆయన ట్రాక్టర్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. "ఇంకెన్నిసార్లు బావా?" అన్నాడు.

"రోడ్డేసేదాకా."

తలపాగా తీసి పక్కన పెట్టి, పడుకుని, పంచె తనే ముఖం మీదికి లాక్కున్నాడు. గంగులు చెప్పక్కర్లేకుండానే "గోవిందా" అన్నాడు. ముందు ట్రాక్టరు ఇంజను ఆగింది. దాని వెనకాలది ఆగింది. ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. డ్రైవర్లు చేతులు జోడించి నిలబడ్డారు.

మేము గట్టు మీద నడిచాం. పంచె చాలక బయటికి ఉండిపోయిన పాదం మీద కట్టు తెల్లగా మెరుస్తోంది. కట్టులోంచి కాలి వేళ్ళు నాలుగూ తీరిగ్గా ఆడుతున్నాయి. ఒక్కరూ చూడలేదు.